ముందున్న బండికే దారి

మార్చి నెలాఖరుకు మారేడ్‌పల్లి డాబాల మీదికి వడియాలు ఎక్కుతాయి. కూలర్లకు కొత్త గడ్డి పడుతుంది. సరిగ్గా అప్పుడే, ఆ వీధుల్లో పెరిగి అమెరికాలోని కొలరాడోలో స్థిరపడినవాళ్ళు ఉన్ని టోపీలు వెతుక్కుని మంచుకొండల దారి పడతారు. అక్కడి స్కూళ్ళకు అవి వసంతకాలపు సెలవులు. డెన్వర్‌లో సాధారణంగా ఏడాది మొత్తమ్మీద ఎక్కువ మంచు కురిసేది కూడా మార్చిలోనే. డిసెంబరు నాటి కొరికే చలి ఉండదు, కొండ మీద మంచు మాత్రం దండిగా ఉంటుంది. ఇంకేం కావాలి?

వెస్ట్ మారేడ్‌పల్లిలోని ఓ ఇంటి సంగతి ఇది. తాతయ్య రైల్ నిలయంలో పనిచేసి రిటైరయ్యారు. కొడుకు డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మనవరాలికి పదకొండేళ్ళు. కొడుకు ముప్ఫయ్యయిదేళ్ళకు స్కీయింగ్ నేర్చుకున్నాడు. మనవరాలు అయిదో ఏటే నేర్చుకుంది. తేడా అంతా అక్కడే ఉంది. యంత్రాలతో చదును చేసిన వాలు మీద ఇద్దరూ ఒకలాగే జారతారు. ఈ ఏడు మాత్రం అమ్మాయి పట్టు పట్టింది.

‘‘నాన్నా, ఈసారి మొగల్స్ చేద్దాం.’’

పేరు వినగానే గోల్కొండను పట్టుకున్న మొఘలులు గుర్తొస్తారు గానీ, వాళ్ళకూ దీనికీ చుట్టరికం లేదు. ఆస్ట్రియా వైపు మాట్లాడే జర్మన్ మాండలికంలో ‘ముగెల్’ అంటే చిన్న దిబ్బ. ఈ దిబ్బలను ఎవరూ పనిగట్టుకుని కట్టరు. చదును చేయని నిటారు వాలు మీద ఒకరు మలుపు తిరుగుతారు. స్కీల అంచులు గీరిన మంచు కింద కుప్ప పడుతుంది. వెనకొచ్చినవాళ్ళు ఆ కుప్పను తప్పించుకుంటూ అక్కడే తిరుగుతారు. వందలమంది తిరిగేసరికి కొండంతా గుంటలూ దిబ్బలూ. వానాకాలంలో గల్లీ రోడ్డు మీద గుంతలు పెరిగే తీరే! వీటి మీద పోటీగా దిగడం 1992 నుంచి ఒలింపిక్ క్రీడ కూడా.

డెన్వర్ నుంచి బెర్తుడ్ కనుమ దాటి వెళ్తే వింటర్ పార్క్ వస్తుంది. దూరం వంద కిలోమీటర్లకు కాస్త పైన. అందులో మేరీ జేన్ అనే భాగం ఈ దిబ్బలకే పేరు మోసింది. ఇక్కడి ‘రైఫిల్‌సైట్ నాచ్’ వాలును గమనించిన శాస్త్రవేత్తలు 2009లో ఓ వింత బయటపెట్టారు. మనుషులు కిందికి జారుతుంటే దిబ్బలు మాత్రం పైకి పాకుతున్నాయట, రోజుకు దాదాపు 8 సెంటీమీటర్లు! కారణం తేలికే. జారేవాళ్ళు ప్రతి దిబ్బకూ కింది వైపు మంచును గీరి, దాని కిందున్న దిబ్బ నెత్తిన పోస్తారు. అలా ప్రతి దిబ్బా కింది వైపు అరుగుతూ, పై వైపు పెరుగుతూ పోతుంది.

శనివారం పొద్దున్నే ఎనిమిదిన్నరకల్లా తండ్రి సిద్ధం. జనం రాకముందే కానిచ్చేద్దామని ఆయన లెక్క. కూతురు ఒప్పుకోలేదు. వసంతంలో పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకడుతుంది. పొద్దున ఆ దిబ్బలు బండరాళ్ళే. ఎండ తగిలి పైపొర మెత్తబడే దాకా ఆగాలి. అలాగని మధ్యాహ్నం బాగా దాటితే మంచు తడిసిన ఇసుకలా బరువెక్కి మోకాళ్ళను లాగేస్తుంది. మధ్యలో దొరికే రెండు మూడు గంటలే మంచి ముహూర్తం. అందాకా ఇద్దరూ చదును వాలు మీద కాళ్ళు సాగదీసుకున్నారు.

పదకొండింటికి దిబ్బల వాలు పైన నిలబడ్డారు. అక్కడి గుర్తు నల్ల వజ్రం. ఆకుపచ్చ కొత్తవాళ్ళకు, నీలం కాస్త వచ్చినవాళ్ళకు, నలుపు గట్టివాళ్ళకు. చూపు కాలి ముందున్న దిబ్బ మీద కాదు, రెండు మూడు దిబ్బల అవతల ఉండాలి. చేతులు ముందుకు ఉండాలి. దిబ్బ ఎక్కేటప్పుడు మోకాళ్ళు స్ప్రింగులా ముడుచుకుని, దిగేటప్పుడు సాగాలి. శిఖరం మీద కర్ర ఆనించి అక్కడే మలుపు తిరగాలి. కూతురు అలాగే దిగిపోయింది. తండ్రికీ ఇదంతా తెలుసు. అయినా ఆయన కళ్ళు కూతురి మీదే ఉన్నాయి. ‘‘మెల్లగా... ఎడమకి...’’ అని అరుస్తూ నాలుగో దిబ్బ దగ్గర పడ్డాడు. ఒక స్కీ ఊడి పక్కకు జారింది.

అమ్మాయి కింద ఓ పక్కన ఆగింది. నిటారు కొండ, పైకి ఎక్కి రాలేదు. ‘‘నాన్నా, నన్ను చూడకు. నీ దారి చూసుకో. స్కీలు అడ్డంగా పెట్టి కాస్త కాస్త జారు’’ అని కేకేసింది. ఆయన అలాగే దిగాడు. దెబ్బలేవీ తగల్లేదు.

ఆ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్. మారేడ్‌పల్లిలో ఆదివారం ఉదయం ఏడున్నర. విషయం వినగానే నానమ్మ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

‘‘ఏరా, చిన్నపిల్లను ముందు పంపించి నువ్వు వెనకాల ఉన్నావా?’’

అక్కడి కొండల మీద రాసి పెట్టిన నియమాన్ని ఆయన వివరించాడు. ముందు, అంటే కింద వెళ్తున్నవాళ్ళకే దారి. వెనకున్నవాళ్ళే చూసుకుని తప్పుకోవాలి. పెద్దా చిన్నా తేడా లేదు. ఇది నానమ్మకు ఎక్కలేదు గానీ తాతయ్యకు చటుక్కున అర్థమైంది.

‘‘మా దగ్గరా అంతే. ముందు బండి సెక్షన్ దాటేదాకా వెనక బండికి సిగ్నల్ ఇవ్వం. వెనకది ఎక్స్‌ప్రెస్ అయినా సరే, ముందుది ప్యాసింజర్ అయినా సరే.’’

నానమ్మ ఒక్క మాటే అంది. ‘‘రేపు ఆఖరి రౌండు మాత్రం వద్దు. మీ నాన్న రైల్వే క్లబ్బులో చీలమండ విరగ్గొట్టుకుంది ‘ఒక్క గేమే’ అన్నప్పుడే.’’

మర్నాడు తండ్రి అరవలేదు. తన దిబ్బలు తను చూసుకున్నాడు. రెండుసార్లు పడకుండా దిగాడు. రెండు గంటలు దాటింది. మంచు ముద్దలు కట్టింది. కూతురి బుగ్గలు ఎర్రబడ్డాయి. మలుపులు అర క్షణం ఆలస్యమవుతున్నాయి. వెనకుండి చూస్తున్నాడు గనుక అది తండ్రికే కనిపించింది.

‘‘ప్లీజ్ నాన్నా, లాస్ట్ వన్.’’

‘‘చాలు తల్లీ.’’

అమ్మాయి మూతి ముడుచుకుంది. కనుమ దాటేదాకా మాట్లాడలేదు. ఎలా దిగాలో తండ్రి కన్నా తనకే బాగా తెలుసు మరి! కానీ ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడానికి ఇంకొన్నేళ్ళు పడుతుంది. అందాకా ఆ పని వెనకొచ్చేవాళ్ళదే. డెన్వర్ దీపాలు కనిపించే వేళకు, మళ్ళీ ఎప్పుడు వెళ్దామని తనే అడిగింది. ఆ సంగతి నానమ్మకు చెప్పాలా వద్దా అన్నది తండ్రి ఇంకా తేల్చుకోలేదు.