బిళ్ళంత బ్యాటరీ

మొన్న భోజనానికి ముందు చక్కెర చూచుకుందామని కూర్చుంటే నా గ్లూకోమీటరు మొరాయించింది. మాదాపూరులో కాపురం, ఇంట్లో కంప్యూటరు ఇంజనీరు. నాకేమి చింత! మావాడు కొత్త బ్యాటరీ తెచ్చి వేశాడు. అయినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ బ్యాటరీ మీరెరిగినదే, రూపాయి బిళ్ళంత ఉంటుంది. దానిమీద సీఆర్ 2032 అని ఉంటే ఏదో లెక్క నంబరనుకున్నాను. అది దాని జాతకమట! సీ అంటే లిథియం జాతి, ఆర్ అంటే గుండ్రన, 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. శక్తి 3 వోల్టులు.

తీరా చూస్తే తప్పు బ్యాటరీది కాదు, దాన్ని పట్టుకొనే రేకులది. అడుగు రేకు ఋణధ్రువాన్నీ, పక్క రేకు ధనధ్రువమైన అంచునూ బిగువుగా ఆనుకొని ఉండాలి. ప్రతిసారీ పిన్నీసుతో పెకలించి, అడుగు రేకును అణచివేసిన ఘనత నాదే.

"ఈ అవస్థ ఎందుకురా, తీగలు బ్యాటరీకే సోల్డరింగు చేసెయ్యరాదూ?" అన్నాను.

"అమ్మో! ఆ వేడికి లోపలి సీలు చెడుతుంది నాన్నగారూ, పేలినా పేలవచ్చు. మార్చనక్కరలేని వాటికి ఫ్యాక్టరీలోనే నికెలు రేకులు క్షణంలో వెల్డింగు చేసి, ఆ రేకులను బోర్డుకు సోల్డరు చేస్తారు" అన్నాడు. బ్యాటరీ తీసి, అడుగు రేకును మెల్లగా పైకెత్తాడు. యంత్రానికి ప్రాణం వచ్చింది.

ఇంతలో మా కోడలు కెవ్వుమంది. పాత బ్యాటరీ రెండేళ్ళ మనుమరాలి పిడికిట్లో ఉంది, నోటికి జానెడు దూరంలో!

అది గొంతు దిగి అన్నవాహికలో ఇరుక్కుంటే తడికి విద్యుత్తు పారుతుంది. ఋణధ్రువం దగ్గర క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కండను కాల్చేస్తుంది. యంత్రానికి చాలని బ్యాటరీ కూడా ఆ పనికి చాలునట. మింగిందన్న అనుమానం కలిగితే చాలు, వాంతి చేయించక తక్షణం ఆసుపత్రికి పరుగెత్తాలి.

అమెరికాలో రీస్ అనే పసిపాప 2020లో ఇలాగే కన్నుమూసింది. 2022లో ఆమె పేరనే చట్టం వచ్చింది. ఇటువంటి బ్యాటరీ మూత చిన్నపిల్లల చేతికి తెరుచుకోకూడదని దాని సారాంశం.

1998లో సైబర్ టవర్స్ వెలిసిన మా పేటలో సాఫ్టువేరే కాదు, వస్తువులూ పుడుతున్నాయి. కొత్త యంత్రాల నమూనాలు చేసుకొనేందుకు 2023లో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచారు. అక్కడి కుర్రవాళ్ళకు నా మనవి ఒక్కటే. బ్యాటరీ అర చేసేటప్పుడు వణికే చేతుల తాతనూ, ఊరుకోని చేతుల మనుమరాలినీ ఇద్దరినీ తలుచుకోండి. ఒక చిన్న మరమేకు, బిగువైన రేకు ఉంటే ఇద్దరమూ బ్రతుకుతాం.

పాత బ్యాటరీకి టేపు చుట్టి అలమారు పై అరలో దాచింది మా ఆవిడ. నా జంతికల డబ్బా కూడా అక్కడికే చేరింది. ఆ అర ఇప్పుడు మనుమరాలికే కాదు, నాకూ అందదు.