రాయి ఎవరి చేతిలో ఉంది?

కరెంటు పిండి మిషన్ రాకముందు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో జొన్నరొట్టె కావాలంటే ఆడవాళ్లు తెల్లారకముందే లేచి ఇసుర్రాయి తిప్పాల్సిందే. ఆ చాకిరీని నీటికి అప్పజెప్పవచ్చని రెండు వేల ఏళ్ల కిందటే మనిషి కనిపెట్టాడు.

ఆ మర కిటుకు సులువే. ఎత్తు నుంచి దోనెలో వచ్చే నీరు, అడ్డంగా పడుకోబెట్టిన చక్రం రెక్కలను కొడుతుంది. చక్రం మధ్య నుంచి నిలువు ఇరుసు లేచి, కింది రాయి బెజ్జంలోంచి వచ్చి పై రాయిని పట్టుకుంటుంది. కింది రాయి కదలదు. చక్రం ఒక చుట్టు తిరిగితే పై రాయీ ఒక చుట్టు తిరుగుతుంది. పై రాయి కంతలో గింజలు పడుతుంటే అంచుల వెంట పిండి రాలుతుంది. మన ఇసుర్రాయే, చేతికి బదులు నీరు! దక్కన్‌లో ఇలాంటిది ఔరంగాబాద్ (నేటి ఛత్రపతి శంభాజీనగర్) పన్‌చక్కీ. కొండల్లోని ఊటనీటిని మట్టి గొట్టాల్లో తెచ్చి, దర్గాకు వచ్చేవాళ్లకు అక్కడ పిండి విసిరేవారు. వానొస్తే పొంగి, ఎండాకాలం ఇసుక తేలే మన వంకలకు అలాంటి మర పొసగదు.

అయితే అసలు మాట వేరే ఉంది. నీటిమర కట్టాలంటే డబ్బు కావాలి, కాలువ కావాలి. అందుకే యూరప్‌లో చాలాచోట్ల మరలు జమీందార్ల, మఠాల చేతికి పోయాయి. ఆడించినందుకు గింజల్లో కొంత పట్టుకునేవారు. ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో 1330 ప్రాంతంలో మఠాధిపతి జనం ఇళ్లలోని ఇసుర్రాళ్లను లాక్కుని, మఠం గదిలో నేలకు పరిపించాడు. అందరూ తన మరలోనే ఆడించాలని! 1381 తిరుగుబాటులో జనం ఆ నేలను పెకలించి, రాతిముక్కలను పంచుకున్నారు.

మన సంగతి చూడండి. ఎవరూ మన రాయిని లాక్కోలేదు, మనమే మూలన పడేశాం. జొన్నలకు ఊళ్లో పిండి మిషన్ ఉంది, పరవాలేదు. మరి కొర్రలు? పొట్టుతోనే అమ్మేస్తాం. తినాలనుకుంటే పట్నం అంగట్లో కొర్రబియ్యం ఎక్కువ ధర పెట్టి కొంటాం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. తినమని అందరూ చెప్పారు. పొట్టు తీసే మిషన్ ఎవరి చేతిలో ఉండాలో మాత్రం మనమే తేల్చుకోవాలి.

మిషన్ కొంటే నడవక తుప్పు పడుతుందేమోనన్న భయం ఉత్తది కాదు. అందుకే ముందు లెక్క చూసుకోండి. పదిపదిహేను మంది రైతులు గానీ, పొదుపు సంఘం అక్కచెల్లెళ్లు గానీ కూర్చుని ఏడాదికి ఎన్ని బస్తాలు ఆడించగలరో రాసుకోండి. చాలకపోతే మొదటి ఏడు కూలికిచ్చి ఆడించి, బియ్యం అమ్మి చూడండి. గిట్టుబాటైతే అప్పుడు కొనండి. కూలి ఎంతో గోడ మీద రాయించండి, సంఘంలో లేని చిన్నరైతుకూ అదే రేటు పెట్టండి. లేకుంటే మన ఊళ్లోనే ఇంకో మఠాధిపతి తయారవుతాడు!

ఈసారి కొర్రలు కళ్లానికి చేరకముందే ఈ ముచ్చట తేల్చుకోండి.