మర్రి కింద మంద... భూమి కింద 'బాయి'!

కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్లే రైల్లో మంచిర్యాల దాటాక కిటికీలోంచి స్టేషన్ల బోర్డులు చదువుతూ వెళ్లండి. అక్కడి జనం దేన్ని నమ్ముకుని బతికారో కొన్ని పేర్లే చెప్పేస్తాయి!

ముందుగా వచ్చేది రవీంద్రఖని. ఖని అంటే గని. అంటే రైలు ఆగేది ఓ బొగ్గుగని పేరు దగ్గరన్నమాట. ఆ పక్కనే రామకృష్ణాపూర్. స్థానికుల నోట అది 'ఆర్కేపీ'. కానీ సింగరేణి గనుల పేర్లలో 'ఆర్కే' అంటే రామకృష్ణ కాదు, రవీంద్రఖని! కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే.

తర్వాత మందమర్రి. ఈ పేరుకి బొగ్గుతో పనిలేదు. మంద అంటే పశువుల గుంపు. పక్కన మర్రి చేరేసరికి చెట్టునీడన సేదతీరే ఆవులూ గేదెలూ కళ్లముందు మెదులుతాయి. గనులొచ్చినా ఊరిపేరు మారలేదు. గనులకే వేరే పేర్లు పెట్టారు. కల్యాణిఖని కాస్తా 'కేకే' అయింది. దానికి అంకెలు తగిలించి కేకే-1, కేకే-5 అన్నారు. కాగితాల మీద ఎలా ఉన్నా కార్మికుడికి మాత్రం ఏ గనైనా 'బాయి'యే. నీళ్లు తోడేదీ బాయే, బొగ్గు తవ్వేదీ బాయే!

బెల్లంపల్లి దాటితే రేచిని రోడ్, ఆసిఫాబాద్ రోడ్. ఊరొచ్చేసిందని దిగి వెతక్కండి. పేరు చివర 'రోడ్' ఉందంటే ఊరు అక్కడ లేదు, రోడ్డు పట్టుకుని వెళ్లాలని అర్థం.

ఆపైన సిర్పూర్ కాగజ్‌నగర్. ఉర్దూలో కాగజ్ అంటే కాగితం. నిజాం కాలంలో వెలసిన కాగితం మిల్లు చలవే ఈ పేరు. ఆ మిల్లు 2014లో మూతపడింది. 2018లో మళ్లీ తెరుచుకునేదాకా కాగితం ఊరిపేరులోనే మిగిలింది!

పనినిబట్టి పుట్టిన పేర్లకు ఈ చిక్కు తప్పదు. బొగ్గు ఎప్పటికైనా అయిపోయేదే. అప్పటికీ బోర్డు మీద రవీంద్రఖని అనే ఉంటుంది. 'ఖని అంటే ఏంటి?' అని రేపటి పిల్లలు అడిగితే చెప్పేదెవరు? బాయి దిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే తెలుసుకోవాలి. అడగడానికి ఒక్క మాట చాలు... 'తాతా, నువ్వు ఏ బాయిల చేసినవ్?'