కనబడని చేప చచ్చిపోయినట్టేనా?

సాల్మన్ అంటే మనలో చాలామందికి పెద్ద హోటల్ మెనూలో కనిపించే ఖరీదైన చేప, అంతే. కానీ మన పులసలాగే దానిదీ సముద్రానికీ నదికీ మధ్య బతుకు. నదిలో పుడుతుంది, సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదిలో ఎదురీదుతుంది. అమెరికాలో ఐడాహో కొండల్లో పుట్టిన పిల్ల స్నేక్, కొలంబియా నదుల మీదుగా పసిఫిక్ చేరాలంటే ఎనిమిది డ్యాములు దాటాలి.

ఎన్ని పిల్లలు ప్రాణాలతో దాటుతున్నాయి? ఈ ప్రశ్న చుట్టూ అక్కడ చాలా గొడవ ఉంది. స్నేక్ నది సాకై సాల్మన్ 1991లోనే అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. నెజ్ పర్స్ తెగవాళ్ళకి 1855 ఒప్పందం ఇచ్చిన చేపల వేట హక్కుంది, కానీ నదిలో చేపలే లేకపోతే ఆ హక్కుతో ఏం చేసుకుంటారు? స్నేక్ నది మీద చివరి నాలుగు డ్యాములూ తీసేయాలని కొందరు, ఉంచాలని కొందరు ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. అందుకే లెక్క సరిగ్గా ఉండాలి.

లెక్క కోసం వాడేది పిట్ ట్యాగ్. పొడవు 12 మిల్లీమీటర్లు, కాస్త పెద్ద బియ్యపు గింజంత. పిల్లకి మత్తిచ్చి పొట్టలోకి ఎక్కిస్తారు. బ్యాటరీ ఉండదు. యాంటెన్నా దగ్గరికి రాగానే దాన్నుంచే పవర్ తీసుకుని తన నంబరు చెబుతుంది. మన కార్ల ఫాస్టాగ్ కూడా ఇంచుమించు ఇలాగే పనిచేస్తుంది. ఆ రీడింగులన్నీ పీటాజిస్ అనే డేటాబేస్‌లో చేరతాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. టర్బైన్ల ముందున్న జల్లెడలు కొన్ని చేపల్ని పక్క కాలువలోకి మళ్ళిస్తాయి. రీడర్లు ఎక్కువగా ఆ కాలువల్లోనే ఉంటాయి. స్పిల్‌వే మీంచి దూకి వెళ్ళిన చేప చాలా డ్యాముల దగ్గర రికార్డవదు. డేటాబేస్‌లో దాని వరస ఖాళీ.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పైన 1,250 పిల్లల్ని వదిలారు. మొదటి డ్యామ్ దగ్గర 400 కనిపించాయి. మిగతా 850 పోయాయని రాసేద్దామా? ఆగండి. ఇంకా కింద ఉన్న డ్యామ్ దగ్గర 100 కనిపించాయి, వాటిలో మొదటి డ్యామ్ దగ్గర రికార్డయినవి 40 మాత్రమే. అంటే మొదటి రీడర్ చూస్తున్నది నూటికి 40 చేపల్నే. కాబట్టి అక్కడికి ప్రాణంతో చేరినవి దాదాపు 1,000. పోయినవి 250. 1964, 65లలో కార్మాక్, జాలీ, సీబర్ విడివిడిగా రాసిన పేపర్ల నుంచి వచ్చిన పద్ధతి ఇది. లెక్కలో ఉన్నది మామూలు భాగహారమే, కానీ 600 చేపలు బతికొచ్చాయి చూడండి!

ఇంకో సంగతి. చేపకి టర్బైన్ కన్నా స్పిల్‌వే మేలు. అందుకని చేపల కోసం స్పిల్‌వే మీంచి నీళ్ళు ఎక్కువ వదిలితే, రీడర్లకి కనిపించే చేపలు తగ్గిపోతాయి. మంచి దారిలో వెళ్ళిన చేపే డేటాలో మాయమవుతుందన్నమాట. వట్టి కౌంట్ చూసినవాడు "నీళ్ళు వదిలితే చేపలు చస్తున్నాయి, గేట్లు మూసేయండి" అంటాడు. ఇక చేపల పని అంతే.

అన్నిచోట్లా రీడర్లు పెట్టేస్తే సరిపోదా అని అడగొచ్చు. లోయర్ గ్రానైట్ డ్యామ్ స్పిల్‌వేలో పెట్టారు కూడా. కానీ మరీ చిన్న పిల్లలకి అసలు ట్యాగే వెయ్యరు, తట్టుకోలేవని. ఎంత పెద్ద సిస్టమ్ కట్టినా దాని కంటికి ఆననివాళ్ళు ఉంటూనే ఉంటారు.

నల్‌కీ జీరోకీ తేడా మనం ఫస్టియర్‌లోనే చదువుకుంటాం, పరీక్షలో రాసేసి వదిలేస్తాం. రేపు మనం రాసే కోడ్ ముందు వేలిముద్ర పడని ముసలమ్మ నిలబడుతుంది. స్క్రీన్ మీద "రికార్డు లేదు" అని వస్తే ఆవిడ వట్టి చేతులతో ఇంటికెళ్ళాలా? ఆ తేడా తెలిసిన మనమే కోడ్‌లో దాన్ని రాయాలి. ప్రాజెక్ట్ రిపోర్టులో ఆక్యురసీ నంబరు పక్కన "మా సిస్టమ్‌కి కనబడనివాళ్ళు ఎవరు, ఎంతమంది" అని కూడా రాద్దాం. మార్కులు రాకపోయినా సరే.