గద్దె కన్నా గట్టిది చట్టం

చౌధరీ చరణ్‌సింగ్ అనగానే చాలామందికి స్ఫురించేది లోక్‌సభను ఎదుర్కోని ప్రధానమంత్రి. హోంమంత్రిగా ఎవరిని అరెస్టు చేయించారో ఆ ఇందిరాగాంధీ మద్దతుతోనే 1979 జులై 28న గద్దెనెక్కారు. విశ్వాస పరీక్షకు ముందే ఆమె మద్దతు ఉపసంహరించుకోవడంతో ఆగస్టు 20న రాజీనామా చేశారు. రాజకీయ అవకాశవాదానికి ఆ ఉదంతాన్ని ఉదాహరణగా చెబితే కాదనలేం. కానీ ఆయనను అక్కడితో కొలిచి వదిలేస్తే రైతుకే నష్టం.

మీరట్ జిల్లా నూర్పూర్‌లో, జమీందారు భూమిని సాగుచేసుకునే కుటుంబంలో 1902లో పుట్టిన చరణ్‌సింగ్, న్యాయవాదిగా ఎదిగి రాజకీయాల్లోకి వచ్చారు. ఉత్తరప్రదేశ్ జమీందారీ రద్దు చట్ట రూపకల్పనలో ఆయనది కీలక పాత్ర. 1952లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం లక్షలాది కౌలుదారులకు భూమిపై హక్కునిచ్చింది. 1953 నాటి కమతాల ఏకీకరణ చట్టం ముక్కలు ముక్కలుగా చెదిరిన పొలాలను ఒక్కచోటికి చేర్చే వీలు కల్పించింది.

1959 నాగపూర్ కాంగ్రెస్ మహాసభలో నెహ్రూ బలపరచిన సహకార సేద్యం తీర్మానాన్ని ఆయన బాహాటంగా ఎదిరించారు. అదే తీర్మానాన్ని వ్యతిరేకించిన మన ఎన్.జి.రంగా కాంగ్రెస్‌ను వీడి స్వతంత్ర పార్టీకి సారథి అయ్యారు. చరణ్‌సింగ్ మరో ఎనిమిదేళ్లు ఆ పార్టీలోనే కొనసాగి, 1967లో బయటికి వచ్చి ఉత్తరప్రదేశ్‌కు తొలి కాంగ్రెసేతర ముఖ్యమంత్రి అయ్యారు.

ఆయన దృష్టికీ హద్దులున్నాయి. భూసంస్కరణల ఫలం ప్రధానంగా సాగుదారు కులాలకే దక్కింది. వారి పొలాల్లో కూలిచేసే దళితులకు మిగిలింది స్వల్పమే. ఈ విమర్శను పక్కనపెట్టి ఆయనను కీర్తించడం చరిత్రకు న్యాయం కాదు.

2024 ఫిబ్రవరి 9న కేంద్రం ఆయనకు భారతరత్న ప్రకటించింది. మనవడి పార్టీ అధికార కూటమి వైపు మళ్లింది. నాలుగు రోజులకే, మద్దతు ధరకు చట్టబద్ధత కోరుతూ ఢిల్లీకి బయలుదేరిన పంజాబ్ రైతులను శంభు సరిహద్దులో బాష్పవాయువు ఎదుర్కొంది. రైతు నాయకుడికి పతకం, రైతుకు ముళ్లకంచె!

ఇందులో ఒక్క ఢిల్లీనే నిందించి ప్రయోజనం లేదు. చరణ్‌సింగ్ కౌలుదారును యజమానిని చేశారు. ఏడు దశాబ్దాల తర్వాత మన తెలుగు నేలపై కౌలురైతు ఉనికికే గుర్తింపు కరువైంది. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకే చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం కింద సాగుదారు కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందన్న భయం యజమానిది. అది లేకపోతే పంటరుణం, బీమా, పరిహారం అందవన్న దిగులు కౌలురైతుది.

ఏటా డిసెంబరు 23న రైతు దినోత్సవం జరిపి చరణ్‌సింగ్ పటానికి దండ వేసే పార్టీలు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కటే: యజమాని దయతో నిమిత్తం లేకుండా సాగుదారును గుర్తించే చట్టం ఎప్పుడు తెస్తారు?