ద్విముఖ ప్రతిరక్షకములు : మన కర్తవ్యము

ప్రత్తి విత్తనపు ధర యెవరు నిర్ణయింతురో గుంటూరు సీమ రైతునకు వేఱుగా జెప్ప బనిలేదు. 2002లో బీటీ ప్రత్తికి మన దేశమున అనుమతి లభించిన పిదప, 450 గ్రాముల సంచికి 1,600 రూపాయలకు పైగా చెల్లించి, అందధికభాగము విదేశ సంస్థకు సాంకేతిక రుసుముగా పోవుటను మనవారు కన్నులార జూచిరి. 2006లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నియంత్రణ కమీషను నాశ్రయించి పోరాడిన పిమ్మట ఆ సంచి 750 రూపాయలకు దిగినది. విత్తనము దొరకకపోలేదు, వ్యాపారము నిలిచిపోలేదు. ఈ పాఠమును నేడు మఱియొక రంగమున, అనగా క్యాన్సరు వైద్యమున, జ్ఞప్తికి దెచ్చుకొనవలసియున్నది.

మన రక్తమున టీ-కణములను రక్షక సేన యొకటి కలదు. క్యాన్సరు కణము మన దేహమున బుట్టినదే యగుటచే, ఈ సేన దానిని శత్రువుగా తఱచు గుర్తింపజాలదు. ద్విముఖ ప్రతిరక్షకము ఒక కొసతో టీ-కణమును, రెండవ కొసతో క్యాన్సరు కణమును బట్టి రెంటిని చేరువ చేయును. అటుపై టీ-కణము తన పని తాను నెఱవేర్చును. ఈ యూహ 1985 నాటికే ప్రయోగశాలలో ఋజువైనది. తయారుచేయుటయే దుష్కరము. సహజమైన ప్రతిరక్షకమునకు రెండు బరువైన గొలుసులు, రెండు తేలిక గొలుసులు కలవు. రెండు చేతులును ఒక్కతీరుననే యుండును. వేర్వేఱు చేతులను గోరి రెండు జాతుల గొలుసులను ఒకే కణమున బుట్టించినచో, అవి యిచ్చవచ్చినట్లు జతగూడి పదిరకము లేర్పడును; అందు మనము కోరినది ఎనిమిదింట నొకపాలు మాత్రమే. 1996లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక బరువైన గొలుసున మిట్టను, రెండవదానిలో దానికి సరిపడు పల్లమును గల్పించి, వడ్రంగి కొయ్యలను గూర్చినట్లు వానిని సరిగా జతపఱచు మార్గము కనుగొనిరి.

రెండు పట్టుకొసలను మాత్రమే తీసికొని కూర్చిన బ్లినాటుమొమాబ్ అను ఔషధమునకు 2014లో అమెరికా యనుమతి లభించినది. అది ఒక జాతి రక్త క్యాన్సరునకు మందు. భీమవరమున జనించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము లెడర్లీ ప్రయోగశాలలో సిద్ధపఱచిన అమినోప్టెరిన్‌తో, 1948లో సిడ్నీ ఫార్బరు పిల్లలలో తాత్కాలికముగానైనను శమింపజేసినది ఈ తెగ వ్యాధినే. ఆ బాటలో నేటి ఫలితము లెట్టివో చూడుడు. మొదటి చికిత్సచే వ్యాధి జాడ కానరాకుండ బోయిన పెద్దవారిలో, రసాయన చికిత్సకు ఈ మందును జోడించినపుడు మూడేండ్లకు నూటికి 85 మంది జీవించియుండగా, అది లేనివారిలో 68 మందియే మిగిలిరని 2024లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. ఇక ధర? 2014లో అమెరికాలో 1,78,000 డాలర్లు. అనగా నాటి విలువకే కోటి రూపాయలు మించినమాట. ఎన్ని యెకరముల మిరపతోట విక్రయించిన ఒక ప్రాణము దక్కునో పాఠకులే లెక్కించుకొందురు గాక!

పరిశోధనకైన వ్యయము రాబట్టుకొనవలదా యని కంపెనీలు ప్రశ్నించును. రాబట్టుకొనవలసినదే; కాని కొనజాలని రోగి నుండి రాబట్టునది యేమియు లేదు. 2012లో భారత పేటెంటు కంట్రోలరు హైదరాబాదు నాట్కో సంస్థకు సొరాఫెనిబ్ తయారీకై నిర్బంధ లైసెన్సు నొసగగా, నెలకు 2 లక్షల 80 వేల రూపాయల మందు తొమ్మిదివేలకు లోపుననే లభ్యమైనది. అయినను ఒక భేదమును మఱువరాదు. సొరాఫెనిబ్ రసాయనపు బిళ్ళ. ప్రతిరక్షకములు జీవకణములలో బెంచి తీయవలసినవి. వీనికి లైసెన్సు మాత్రమే చాలదు, చేతిలో విద్య యుండవలెను. ఆ విద్య మనకు లేకపోలేదు. తాడేపల్లి పసుపు రైతు కుమారుడు కల్లం అంజిరెడ్డిగారు స్థాపించిన సంస్థయే 2007లో రిటుక్సిమాబ్ అను ప్రతిరక్షకమునకు దీటైన మందును హైదరాబాదు నుండి వెలువరించినది. ఒక్కముఖపు ప్రతిరక్షకము చేసిన చేతులు ద్విముఖమును జేయలేవని మేమనజాలము.

అయితే తయారీతోనే పని తీఱదు. ఈ మందులు టీ-కణములను రెచ్చగొట్టునపుడు తీవ్రజ్వరము, రక్తపుపోటు పడిపోవుట, కొందఱిలో మతిభ్రమయు గలుగును. బ్లినాటుమొమాబ్‌ను ఇరువదియెనిమిది దినములు ఎడతెగక నరమున కెక్కింపవలెను. తొలి దినములలో ఆసుపత్రి కాపుదల తప్పదు. ఒంగోలు రోగి దీనికై హైదరాబాదున నెలల తరబడి గది యద్దెకు దీసికొనవలసివచ్చిన, చౌకమందు చౌక కాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో వితరణచే వెలసిన క్యాన్సరు కేంద్రము కలదు. ఇట్టి కేంద్రములందు ఈ చికిత్స నెఱిగిన వైద్యులను, రాత్రింబవళ్లు కనిపెట్టియుండు నర్సులను నియమించుట ప్రభుత్వపు విధి.

కావున మేము కోరునవి మూడు. విశ్వవిద్యాలయములలో కణముల బెంచు విద్యకు ధనము కేటాయింపవలెను. రాష్ట్రములన్నియు గలిసి ఈ మందులను మొత్తముగా గొని ధర దింపవలెను. దిగనిచో, చట్టమిచ్చిన నిర్బంధ లైసెన్సు నుపయోగింప జంకరాదు. విత్తనమునకై 2006లో నిలిచిన ప్రభుత్వము ప్రాణమునకై నిలువకుండుట న్యాయమా? శాసనసభ్యులు ఓట్లకై గ్రామమునకు వచ్చినపుడు ఈ ప్రశ్న నడుగుడని మా పాఠకులకు విన్నవించుచున్నాము.