ఆయుధ పరీక్ష

ఆపదవేళ అక్కరకు రావలసిన యంత్రమును నమ్ముటకు ముందు దానిని ఎంతగా పరీక్షింపవలెను? ఈ ప్రశ్నకు అమెరికా సైన్యము ఎన్నుకొన్న ఒక పిస్తోలు కథ తగిన ఉదాహరణము.

1985లో స్వీకరించిన బెరెట్టా పిస్తోలుకు బదులుగా ఆ సైన్యము 2017 జనవరిలో సిగ్ సౌర్ సంస్థవారి పి-320 పిస్తోలును ఎన్నుకొన్నది. అందులో పెద్దది ఎం-17, పొట్టిది ఎం-18. సగటున 2,000 తూటాలకు ఒక్కసారికంటె ఎక్కువగా పిస్తోలు ఆగిపోరాదని నియమము. కాని ఆ దేశ రక్షణశాఖ పరీక్షా విభాగము 2018 జనవరిలో ప్రకటించిన నివేదిక ప్రకారము, సాధారణ తూటాలతో ఎం-17 సగటున 343 తూటాలకు, ఎం-18 కేవలము 197 తూటాలకు ఒకసారి ఆగినవి. బోలుమొన తూటాలతో ఫలితము ఇంతకంటె మేలుగా నున్నది. కాల్చిన గుల్లతోపాటు కాల్చని తూటా కూడ బయటపడు లోపము సాధారణ తూటాలతో కనిపించినది. పెక్కు ఆటంకములకు కారణము కాల్చువాని బొటనవ్రేలు! అది ఒక చిన్న మీటపై ఆనుటచేత, చివరి తూటా ప్రేలిన పిదప వెనుకనే నిలువవలసిన స్లైడు ముందుకు వచ్చినది. కనుక ఆయుధము, తూటా, చేయి — ఈ మూడింటి పొందికనే మనము నమ్మదగిన గుణమని పిలుచుచున్నాము.

పిస్తోలు క్రింద పడినపుడు ప్రేలు ప్రమాదము కూడ ఆ పరీక్షలలోనే బయటపడినది. ట్రిగ్గరు భాగములను తేలికపరచి దానిని సరిదిద్దిరి.

విద్యార్థులు గమనింపదగిన లెక్క ఒకటి కలదు. ఒకడు మైదానమున 200 తూటాలు కాల్చి ఒక్క ఆటంకమైనను చూడలేదనుకొందము. "ఇక దీనికి లోటు లేదు" అని అతడు సంతోషించుట సహజమే. గణితము అంత త్వరగా ఒప్పుకొనదు. 3ను కాల్చిన తూటాల సంఖ్యచే భాగింపుడు. ఆటంకముల పాలు అంతకు మించదని మాత్రమే నూటికి 95 పాళ్ల ధైర్యముతో చెప్పవచ్చును. అనగా 67 తూటాలకు ఒక ఆటంకము ఇంకను సాధ్యమే! 2,000కు ఒకటికి మించదని అంతే ధైర్యముతో పలుకవలెనన్న 6,000 తూటాలు నిరాటంకముగ ప్రేలవలెను.

2025 జులైలో వయోమింగు రాష్ట్రములోని వైమానిక స్థావరమున ఎం-18 ప్రేలి ఒక సైనికుడు మరణించెను. పిస్తోలు తనంత తానే ప్రేలియుండునను అనుమానము వ్యాపించినది. ఆ సైనికుని దళము దాని వాడుకను నిలిపి, 7,970 పిస్తోళ్లను తనిఖీ చేయగా 191 పిస్తోళ్లలో భాగముల లోపములు కనిపించినవి. ఇంతలో ఆ మరణమును గూర్చి తప్పుడు వాఙ్మూలము మొదలగు అభియోగములపై మరొక సైనికుడు నిర్బంధింపబడెను. ఆగస్టులో ఆయుధము తిరిగి వాడుకకు వచ్చినది.

తొందరపడి యంత్రమును నిందించినవారికిని, 200 తూటాలతో దానిని మెచ్చుకొన్నవారికిని పొరపాటు ఒక్కటే. అననుకూలమైన అంకెలను సైతము దాచక ప్రకటించిన ఆ నివేదిక లేకున్నచో, నేడు మనము ఈపాటి విచారణయైనను చేయగలిగెడివారము కాము.